ఆ రైతు అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు

భీమవరం చుట్టుపక్కల ఊరి అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. వయసు 23. పేరు వద్దంది. ఇంటర్ బైపీసీ తర్వాత రెండుసార్లు నీట్ రాసింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. తమిళనాడులో ఒక ప్రైవేటు కాలేజీలో బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీలో చేరింది. నాలుగేళ్ల చదువు పూర్తయింది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఇంకా ఆరు వారాలు మిగిలింది. "చేరిన రోజున ఈ కోర్సు అంటే ఏంటో నాకే తెలీదు. ఇప్పటికీ మా ఊళ్లో ఎవరికీ తెలీదు. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ అనుకుని, మీ అమ్మాయి ఆపరేషన్లు చేస్తుందా అని అమ్మను అడుగుతారు. అమ్మ ఏం చెప్పాలో తెలీక ఊరుకుంటుంది" అని రాసింది.

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఏం చేయాలన్నది ఆమె ప్రశ్న. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మేనమామ కొడుకు అమెరికా వచ్చెయ్యమంటున్నాడు. అతని మాట మీద వెళ్లి కలిసిన ఒక కన్సల్టెన్సీ వాళ్లు, ఇప్పటికే ఓటీ చదివినవాళ్ల కోసం ఉండే పోస్ట్ ప్రొఫెషనల్ డాక్టరేట్‌లో చేరితే చాలు, పూర్తవగానే ఉద్యోగం అన్నారు. ఖర్చు 40 లక్షలు. నాన్నకు రొయ్యల చెరువులున్నాయి. గత రెండు పంటలూ తెల్లమచ్చ రోగంతో పోయాయి. అయినా ఇల్లు తాకట్టు పెడతానంటున్నాడు. కాలేజీలో హెచ్‌ఓడీ మాత్రం ఇక్కడే ఎంఓటీ, అంటే ఓటీలో మాస్టర్స్, చెయ్యమంటున్నారు. హైదరాబాద్‌లో పిల్లల థెరపీ సెంటర్ ఒకటి నెలకు 18,000 ఇస్తామంది. కానీ రెండేళ్లకు బాండు రాసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలట. ఇంతలో ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

వీటన్నిటి మధ్య ఒక సంఘటన రాసింది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన చిత్తూరు జిల్లా చెరకు రైతు ఒకాయన మూడు వారాలుగా ఆమె దగ్గరికి వస్తున్నాడు. ఆమె ఆయన చేత రోజూ ప్లాస్టిక్ కోన్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు పెట్టిస్తోంది. మూడో వారం ఆయన, "ఇవి పెట్టడం వచ్చేసింది బిడ్డా. నా చేత్తో నేను ముద్ద ఎప్పుడు తింటాను?" అని అడిగాడు. "నా దగ్గర జవాబు లేదు మేడమ్. వారం నుంచి నిద్ర పట్టడం లేదు. ఈ వృత్తికి నేను పనికిరానేమో. మీ అమ్మాయే అయితే ఏం చెబుతారో అది చెప్పండి" అని ముగించింది.

అమ్మా,

మా అమ్మాయే అనుకోమన్నావు కనుక నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం ఆరు పేజీలు. ఐదు పేజీల నిండా అమెరికా, ఎంఓటీ, జీతం, పెళ్లి. ఆ రైతు గురించి రాసింది పదకొండు వరుసలు. నేను ఆ పదకొండు వరుసల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా ఐదు పేజీలకూ జవాబు అక్కడి నుంచే వస్తుంది.

ఆయన అడిగిన మాట నీ మీద ఫిర్యాదు కాదు. మన వృత్తి అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆక్యుపేషనల్ థెరపీని పుస్తకాల్లో వృత్తి చికిత్స అని అనువదించారు. వృత్తి అనగానే మనవాళ్లకు ఉద్యోగం గుర్తొస్తుంది, అందుకే ఆ పేరు జనంలో నిలబడలేదు. నన్నడిగితే మనకు సరిపోయే మాట "పని". పక్షవాతం వచ్చిన మనిషి "చెయ్యి పనికి రాకుండా పోయింది" అంటాడు. కండరం బలం ఎంత, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది అని ఆయన చూసుకోడు. ముద్ద తినడం, పంచె కట్టుకోవడం, మొలతాడు సర్దుకోవడం, దొడ్డికి వెళ్లి కడుక్కోవడం, ఇవీ ఆయన లెక్క. ఆ పనులను తిరిగి చేతికి తేవడమే మన చదువు.

నీ కోన్ల సంగతి చూద్దాం. కోన్ పట్టుకోవడానికి గుప్పెట మొత్తం కావాలి. ముంజేయి అటూ ఇటూ తిరగనక్కర్లేదు, టేబుల్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగితే చాలు. ముద్ద తినడానికి కావలసినవి వేరే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి అన్నాన్ని దగ్గరికి లాగాలి. చెయ్యి నోటి వైపు వస్తున్నప్పుడు ముంజేయి వెనక్కి తిరిగి అరచెయ్యి ముఖం వైపు రావాలి. చివర్లో బొటనవేలు ముద్దను లోపలికి నెట్టాలి. ఈ నెట్టడమే అసలు కష్టం. పక్షవాతం వచ్చిన చేతికి వేళ్లు ముడుచుకోవడం ముందు వస్తుంది, విప్పడం, వదలడం చాలా ఆలస్యంగా వస్తుంది. ఆయన కోన్లు ఇంకో మూడు నెలలు పెట్టినా ముద్ద దానంతట అది రాదు. ఏ పని కావాలో ఆ పనిని విడివిడి ముక్కలుగా చూసి, ఆ ముక్కలనే సాధన చేయించాలి. ఇది నువ్వు రెండో సంవత్సరంలోనే యాక్టివిటీ అనాలిసిస్ అన్న పేరుతో చదివి ఉంటావు. పరీక్షలో పది మార్కులకు కూడా రాసి ఉంటావు. ఎదురుగా మనిషి వచ్చి కూర్చున్నప్పుడు అది గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడానికి కారణం నువ్వు పనికిరాకపోవడం కాదు. డిపార్ట్‌మెంట్‌లో బుట్ట నిండా కోన్లున్నాయి, నీ సీనియర్ అవే ఇచ్చింది, ఆమెకు ఆమె సీనియర్ అవే ఇచ్చింది.

నేనూ అంతే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టైలరు చేత నెల రోజులు క్లే పిసికించాను. సూదిలో దారం ఎక్కించడం ఎప్పుడు మొదలుపెడతాం అని ఆయన అడగలేదు, మానేసి వెళ్లిపోయాడు. నీ రైతు అడిగాడు. అడిగేంత నమ్మకం నీ మీద కుదిరింది కనుకనే అడిగాడు.

సీఓపీఎం అనే కొలత చదివావు కదా, కెనడా వాళ్లు 1991లో తెచ్చినది. పేషెంట్ తనకు కష్టంగా ఉన్న పనులు తానే చెబుతాడు. వాటిలో ఐదింటిని ఎంచుకుని, ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నాడు, దాంతో ఎంత తృప్తిగా ఉన్నాడు అని ఒకటి నుంచి పది వరకు తనే మార్కులు వేసుకుంటాడు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వేస్తాడు. రెండు మార్కులు పెరిగితే నిజంగా మార్పు వచ్చినట్టే లెక్క. నీ రైతు ఆ ఫారం ఏదీ లేకుండానే తన మొదటి పని పేరు చెప్పేశాడు.

ఇది ఎందుకింత సేపు చెప్పానంటే, నీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అమెరికా కాదు. చదివింది చేతికి రాలేదన్న బాధ. ఆ బాధ ఉన్నప్పుడు ఇంకో డిగ్రీ చేస్తే తగ్గుతుందేమో అనిపిస్తుంది. తగ్గదు. మంచి సీనియర్ పక్కన కూర్చుని, వరసగా పేషెంట్లను చూస్తే తగ్గుతుంది. అది ఎంఓటీలో దొరకవచ్చు, ఉద్యోగంలో దొరకవచ్చు, విదేశంలోనూ దొరకవచ్చు. ఎక్కడ దొరుకుతుందో చూసుకోవడమే నీ నిర్ణయం.

ఇక కన్సల్టెన్సీ మాట. ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకు.

డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. అమెరికాలో ఓటీగా పేషెంట్‌ను ముట్టుకోవాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు కావాలి. లైసెన్సుకు ఎన్‌బీసీఓటీ పరీక్ష పాసవ్వాలి. 300 నుంచి 600 వరకు ఉండే స్కేలులో 450 రావాలి. ఆ పరీక్ష రాయడానికి రెండే దారులు. ఒకటి, అక్కడ ఓటీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఏకోట్ అనే సంస్థ ఒప్పుకున్న ప్రవేశ స్థాయి కోర్సు, అంటే ఓటీ వృత్తిలోకి తెచ్చే మొదటి కోర్సు చదవడం, మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ. రెండు, బయటి దేశంలో చదివినవాళ్లు ఓటీఈడీ అనే అర్హత పరిశీలన దాటడం. అందులో నీ సిలబస్సు, నీ క్లినికల్ గంటలు వాళ్ల ప్రవేశ స్థాయి మాస్టర్స్‌తో సరితూగుతాయా అని కాగితం కాగితం తిప్పి చూస్తారు. అమెరికాలో 2007 నుంచి ప్రవేశ స్థాయే డిగ్రీ పైన మొదలవుతుంది కనుక, బీఓటీ ఒక్కటే ఉన్నవాళ్లకు అక్కడ చిక్కు వచ్చే అవకాశం ఉంది.

నీకు చెప్పిన పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సు ఈ రెండు దారుల్లోనూ లేదు. అది ఇప్పటికే ఓటీలైనవాళ్లు పైచదువుకు చేసే కోర్సు. ఓటీఈడీలో అది కొంత ఆసరా కావచ్చు. దానంతట అది పరీక్షకు కూర్చోనివ్వదు. నాతో చదివిన ఒక స్నేహితురాలు సరిగ్గా ఇలాంటి మాటే నమ్మి వెళ్లింది. కోర్సు అయ్యాక కాలేజీ నుంచి గంటల లెక్కలు, సిలబస్సులు తెప్పించుకోవడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాది వీసా గడువు కరిగిపోతూ ఉంది, వడ్డీ పెరుగుతూ ఉంది. ఆమె ఫోన్లో ఏడ్చిన రాత్రి నాకింకా గుర్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అమెరికా వెళ్లాలని నీకు నిజంగా ఉంటే, ఓటీఈడీ దరఖాస్తు ఇక్కడ కూర్చునే మొదలుపెట్టు. ఫలితం చేతికొచ్చాకే అప్పు మాట ఎత్తు.

మీ బావ మంచి మనసుతోనే పిలుస్తున్నాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ అతను వెళ్లిన దారి వేరు. సాఫ్ట్‌వేర్ చదివినవాళ్లకు చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంది, ఆ చదువు స్టెమ్ అనే సైన్స్, టెక్నాలజీ కోర్సుల జాబితాలో ఉంది కనుక. ఓటీ ఆ జాబితాలో లేదు, నీకు వచ్చేది 12 నెలలే. ఆ తర్వాత హెచ్‌-1బి ఉద్యోగ వీసా లాటరీ. నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు గ్రీన్‌కార్డు విషయంలో షెడ్యూల్ ఏ అనే వెసులుబాటు ఉంది, ఆ ఉద్యోగాలకు లేబర్ సర్టిఫికేషన్, అంటే ఆ పనికి అక్కడివాళ్లు దొరకడం లేదన్న రుజువు, అక్కర్లేదు. ఓటీలు అందులో లేరు. ఫిజియో చదివిన పక్కింటమ్మాయికి జరిగింది నీకూ జరుగుతుందని ఎవరైనా అంటే, ఈ తేడా చెప్పు. పైగా మన వృత్తిలో పని మీద వెళ్లే విదేశీయులకు చదువు, ఇంగ్లీషు సరిచూసి ఇచ్చే వీసాస్క్రీన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇవేవీ దాటలేని గోడలు కావు. చాలామంది దాటారు, తెలుగువాళ్లు కూడా. కాకపోతే ఒక్కో మెట్టుకూ ఎంత సమయం, ఎంత డబ్బు పడుతుందో ముందే కాగితం మీద వేసుకుని దాటారు.

అక్కడి ప్రవేశ స్థాయి మాస్టర్స్‌నే చదివితే? పరీక్షకు అర్హత నేరుగా వస్తుంది. రెండు, రెండున్నరేళ్లు పడుతుంది, అందులో 24 వారాలు పూర్తికాల క్లినికల్ శిక్షణ. నువ్వు ఇప్పటికే చదివిన అనాటమీ, న్యూరో, స్ప్లింటింగ్ మళ్లీ చదువుతావు. ఖర్చు నీ 40 లక్షల దగ్గర ఆగుతుందని నేననుకోను. మీ నాన్నకు వరసగా నాలుగు మంచి పంటలు వచ్చిన ఇల్లయితే ఈ దారి నేనూ కాదనను. ఇప్పుడు మీ ఇంటి పరిస్థితి అది కాదు. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. అంటే మీ ఇల్లు. తెల్లమచ్చ రోగం మళ్లీ వస్తే చెరువూ పోతుంది, ఇల్లూ చిక్కులో పడుతుంది. ఈ మాట మీ నాన్నతో నువ్వే అనాలి. ఆయన నీ కోసం ఏదైనా చేస్తానంటాడు, అది ఆయన ప్రేమ. వద్దు అనే హక్కు నీకూ ఉంది.

విదేశం అంటే అమెరికా ఒక్కటే కాదు. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే సంస్థ మన బీఓటీనే నేరుగా పరిశీలించి రిజిస్టర్ చేస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి. లోటు ఉందంటే ఏం లోటో చెబుతారు. అక్కడా అదే జాగ్రత్త: ఏడాది ఎమ్మెస్సీ చేస్తే రిజిస్ట్రేషన్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. రిజిస్ట్రేషన్ ఇచ్చేది ప్రీ రిజిస్ట్రేషన్ అని పేరున్న కోర్సు, అది వేరే డిగ్రీ చదివి ఓటీలోకి రావాలనుకునేవాళ్ల కోసం. ఆస్ట్రేలియాలో కూడా ముందు కాగితాల పరిశీలన, తర్వాత పర్యవేక్షణలో కొంతకాలం పని. ఈ దారుల్లో కొత్త డిగ్రీ ఖర్చు లేదు. కానీ చేతిలో అనుభవం లేకుండా రిజిస్ట్రేషన్ వచ్చినా, ఉద్యోగం ఇచ్చి వీసా స్పాన్సర్ చేసే ఆసుపత్రి దొరకడం కష్టం. రెండు మూడేళ్ల పని అనుభవంతో వెళితే ఇంటర్వ్యూలో చెప్పడానికి నీ దగ్గర పేషెంట్లు ఉంటారు.

నీ ఉత్తరంలో ఒక ముఖ్యమైన సంగతి లేదు. నీ కాలేజీకి ప్రపంచ ఓటీల సమాఖ్య, అంటే డబ్ల్యూఎఫ్‌ఓటీ గుర్తింపు ఉందా? ఇప్పుడు ఉండటం కాదు, నీ బ్యాచ్‌కు ఉందా? 1952లో ఆ సమాఖ్యను నిలబెట్టిన దేశాల్లో మనదీ ఒకటి. అయినా మన దేశంలో ప్రతి కాలేజీకీ ఆ గుర్తింపు లేదు. ఉంటే పైన చెప్పిన తలుపులన్నీ కాస్త తేలిగ్గా తెరుచుకుంటాయి. లేకపోతే ప్రతి దేశానికీ నీ క్లినికల్ గంటలు విడిగా రుజువు చేసుకోవాలి. కనీసం 1,000 గంటలు అన్నది ఆ సమాఖ్య పెట్టుకున్న లెక్క.

అందుకే మిగిలిన ఈ ఆరు వారాల్లో, నువ్వు ఏ దారి ఎంచుకున్నా సరే, ఒక పని చేసుకో. కాలేజీ గేటు దాటాక ఎంత తిరిగినా దొరకని కాగితాలు ఇప్పుడైతే ఒక సంతకంతో దొరుకుతాయి. నాలుగేళ్ల పూర్తి సిలబస్సు, ప్రతి సబ్జెక్టుకూ థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అన్న లెక్కతో, కాలేజీ ముద్రతో. క్లినికల్ పోస్టింగులు ఎక్కడెక్కడ, ఏ విభాగంలో, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో. ముఖ్యంగా సైకియాట్రీ పోస్టింగు వివరం, చాలామందికి లోటు వచ్చేది అక్కడే. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టులు రెండు మూడు సెట్లు. నిన్ను దగ్గరుండి చూసిన ఇద్దరు టీచర్ల ఉత్తరాలు. ఇంటర్న్‌షిప్‌లో చూసిన కేసుల్లో ఇరవై అయినా, పేషెంట్ల పేర్లు లేకుండా, నీ సొంత నోటుబుక్కులో రాసుకో. ఏం అడిగారు, ఏం చేశావు, ఏం మారింది. మారకపోతే మారలేదనే రాయి.

ఎంఓటీ గురించి. హెచ్‌ఓడీ చెప్పింది మంచి మాటే. రెండేళ్ల కోర్సు. వెల్లూరు సీఎంసీ, మణిపాల్, ముంబయి కేఈఎం, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థ, కోల్‌కతాలో చలనాంగ వికలాంగుల జాతీయ సంస్థ, ఇవన్నీ ఎంఓటీ ఉన్న పేరున్న చోట్లు. కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థల్లో ఫీజు ప్రైవేటు కన్నా చాలా తక్కువ, సీట్లు కూడా తక్కువే కనుక ప్రవేశ పరీక్షకు గట్టిగా చదవాలి. కేఈఎం పేరు రాస్తున్నప్పుడల్లా నాకు కమలా నింబ్కర్ గుర్తొస్తారు. అమెరికాలో పుట్టి, ఇక్కడి మనిషిని పెళ్లి చేసుకుని వచ్చి, 1950లో మన దేశంలో మొదటి ఓటీ స్కూలు అక్కడ మొదలుపెట్టారు. ఆ రోజు ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో ఎంతమందికి ఓటీ అంటే తెలిసి ఉంటుంది? మీ ఊరివాళ్లకు తెలియలేదని నువ్వు అంత కుంగిపోనక్కర్లేదు.

ఎంఓటీ వల్ల లాభాలు నిజమైనవి. కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగానికి అది కావాలి. పెద్ద ఆసుపత్రుల్లో సీనియర్ పోస్టుకు పనికొస్తుంది. రేపు విదేశీ పరిశీలనలో మాస్టర్స్ స్థాయి చూపించడానికీ పనికొస్తుంది. నాకున్న ఒకే ఒక సందేహం, చాలాచోట్ల చేరేటప్పుడే న్యూరో, పిల్లల విభాగం, ఆర్థో, మానసిక ఆరోగ్యం, వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ఏ పేషెంట్ దగ్గర నీకు టైం తెలియదో నీకింకా తెలియదు. నేను మూడేళ్లు పనిచేశాక వెళ్లాను. గడ్డి కోసే మిషన్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను, చెయ్యి నలిగిన ఫ్యాక్టరీ కూలీలను అప్పటికి వందమందిని చూసి ఉంటాను. చేతుల చికిత్సే నా సబ్జెక్టు అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. థీసిస్‌కు అంశం వెతుక్కోలేదు, అదే నా వెంట వచ్చింది. నీతో చదివిన అమ్మాయి ఇంటర్న్‌షిప్ అవగానే చేరి బాగా చదువుకోవచ్చు కూడా. ఇది నా అనుభవమే కానీ సూత్రం కాదు. ఆగితే మళ్లీ పుస్తకం పట్టుకోలేనేమో అన్న భయం నీకుంటే ఈ ఏడాదే ప్రవేశ పరీక్ష రాయి. రాసినంత మాత్రాన చేరాలని లేదు కదా.

ఇక హైదరాబాద్ సెంటరు. 18,000 తక్కువే, అద్దె, మెస్సు పోను ఇంటికి పంపేది ఏమీ ఉండదు. అయినా మొదటి ఏడాది నేను జీతం కన్నా వేరేవి అడుగుతాను. రోజుకు ఎంతమంది పిల్లలను చూడమంటారు? నా సెషన్‌ను చూసి తప్పు చెప్పే సీనియర్ ఓటీ ఉన్నారా? అమ్మానాన్నలను గదిలోకి రానిస్తారా? ఆఖరిది చాలా ముఖ్యం. ఆటిజం ఉన్న బిడ్డ వారంలో మూడు గంటలు మన దగ్గర ఉంటాడు, మిగతా సమయమంతా తల్లి దగ్గర. తల్లిని తలుపు బయట కూర్చోబెట్టే చోట నువ్వు నేర్చుకునేది తక్కువ. సీనియర్ లేకుండా రోజుకు పదిమందిని చూడమంటే, అక్కడ కూడా కోన్లే పెట్టిస్తావు, పేరు మాత్రం సెన్సరీ ఇంటిగ్రేషన్ అని, అంటే స్పర్శ, కదలికల మీద పనిచేసే పిల్లల థెరపీ అని అంటారు.

బాండు విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకు. జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో. అవి వాళ్ల బీరువాలో ఉంటే ఎంఓటీ కౌన్సెలింగ్‌కు వెళ్లలేవు, విదేశీ దరఖాస్తు పెట్టలేవు, పని నచ్చకపోతే మానలేవు. సర్టిఫికెట్లు ఇవ్వను, ఏడాది కచ్చితంగా ఉంటాను అని రాతపూర్వకంగా ఇస్తానను. వాళ్లు ఒప్పుకోకపోతే వదిలెయ్. అదొక్కటే సెంటరు కాదు. స్ట్రోక్ యూనిట్ ఉన్న ఆసుపత్రులు, వెన్నెముక గాయాల పునరావాస కేంద్రాలు, వృద్ధుల కేర్ సెంటర్లు కూడా చూడు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ మేధో వైకల్య సంస్థకు ఒకసారి వెళ్లి, అక్కడ పిల్లలతో ఎలా పనిచేస్తారో నీ కళ్లతో చూసి రా. మీ జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని ఒక రోజు కూర్చో. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం, అభ్యసన వైకల్యం, పార్కిన్సన్స్ కూడా అందులో ఉన్నాయి. వీళ్లందరికీ మన పని కావాలి. 2021లో అలైడ్ హెల్త్ వృత్తుల చట్టం వచ్చింది, మన వృత్తి అందులో ఉంది. రిజిస్ట్రేషన్ ఇక నుంచి ఆ చట్టం కింద కౌన్సిళ్ల ద్వారా నడుస్తుంది. నువ్వు పనిచేయబోయే రాష్ట్రంలో నమోదు ఎలాగో ఉద్యోగంలో చేరేముందే అడిగి తెలుసుకో.

పెళ్లి గురించి ఎక్కువ చెప్పను. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు ఏం చదివింది అని అడిగినప్పుడు మీ అమ్మ ఊరుకుంటోంది, ఎందుకంటే ఆమెకు చెప్పడానికి మాట లేదు. ఆ మాట నువ్వు ఆమెకు ఇవ్వు. "పక్షవాతం వచ్చినవాళ్లకు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు తమ పనులు తాము చేసుకోవడం నేర్పుతుంది మా అమ్మాయి" అంటే చాలు. ఈసారి ఊరెళ్లినప్పుడు వీధిలో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దావిడ ఎవరైనా ఉంటే, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి ఒక గంట గడుపు. ఆ తర్వాత మీ అమ్మకు నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు. ఉద్యోగం, పైచదువు మానమని షరతు పెట్టే సంబంధం అయితే ఆ మాట మొదటి రోజే తేలనివ్వు.

నన్ను ఒకటే చెప్పమని అడిగి ఉంటే, మంచి సీనియర్ ఉన్న చోట ఒక ఏడాది పని, ఆ ఏడాదిలోనే ఎంఓటీ ప్రవేశ పరీక్ష, పక్కన తీరిగ్గా విదేశీ కాగితాల పరిశీలన అని ఉండేదాన్ని. ఇల్లు తాకట్టు మాత్రం ఈ ఏడాది వద్దు. కానీ మీ ఇంటి లెక్కలు, నీ ఓపిక నాకన్నా నీకు ఎక్కువ తెలుసు. అమెరికా వెళ్లాలన్న కోరిక బావది కాక నీదే అయితే, దాన్ని చంపుకోమనడం లేదు. రెండేళ్లు ఆలస్యంగా, లైసెన్సు దారి తెలుసుకుని వెళ్లమంటున్నాను.

ఇంకో సంగతి. ఆ రైతు ఇంకా వస్తున్నాడన్నావు. ఈసారి వచ్చినప్పుడు కోన్ల బుట్ట పక్కన పెట్టి, ఇంట్లో ఏం తింటావు పెద్దాయనా అని అడుగు. నువ్వు గోదావరి జిల్లా పిల్లవు, ముద్ద అనగానే నీకు అన్నం గుర్తొస్తుంది. చిత్తూరు పల్లెల్లో చాలా ఇళ్లల్లో ముద్ద అంటే రాగి సంగటి. ఆయనదీ అదే అయితే నీ పని తేలికవుతుంది. సంగటి గట్టిగా ఉంటుంది, అన్నం మెతుకుల్లా చెదిరిపోదు, మూడు వేళ్లతో తుంచడానికి లొంగుతుంది. మింగడంలో ఇబ్బంది లేదని ముందు స్పీచ్ థెరపిస్టు చేత చూపించు, సంగటిని నమలకుండా మింగేస్తారు కదా. చేతిలో స్పర్శ ఎంత ఉందో కూడా చూడు. స్పర్శ తగ్గిన చేతికి వేడి తెలియదు, పొగలు కక్కే సంగటిలో వేళ్లు పెడితే కాలుతుంది. ఆయన భార్యను చల్లారిన సంగటి చిన్న డబ్బాలో తెమ్మను. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం తీసుకుని, జారకుండా కింద తడిగుడ్డ వెయ్. మోచెయ్యి టేబుల్ మీద ఆనించి, మొదటి రోజు తుంచడం మాత్రమే చేయించు. నోటిదాకా రావడం తర్వాతి వారం. బొటనవేలితో నెట్టడం అన్నిటికన్నా చివర.

ఎలా జరిగిందో నాకు రాయి.